చెయ్యి ఊపిన పిల్లలు, నోరు జారిన పెద్దలు

అందరికీ నమస్కారం. ఆదివారం భోజనాలయ్యాక ఉపన్యాసం వినమనడం అన్యాయమే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మీ అమ్మాయిల్లో చాలామంది స్కూలు జట్లలో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. కొందరికి కాలేజీలో కూడా ఆడాలన్న ఆశ ఉంది. ఆటలో మర్యాద గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. వాళ్ల మనసులో ఉన్నది పిల్లల మర్యాద. నేను ఎక్కువగా పెద్దల మర్యాద గురించి మాట్లాడతాను. ముందే చెప్పేస్తే తర్వాత పేచీ ఉండదు.

మన డాలస్‌లోనే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో, 2023 ఏప్రిల్ 2న మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అదే ఎల్‌ఎస్‌యూ, అయోవా యూనివర్సిటీని 102-85తో ఓడించింది. గెలుపు ఖాయమయ్యాక ఎల్‌ఎస్‌యూ ఆటగత్తె ఏంజెల్ రీస్, అయోవా స్టార్ కైట్లిన్ క్లార్క్ దగ్గరికి వెళ్లి, మొహం ముందు అరచెయ్యి ఊపింది. "నేను నీకు కనపడను" అని దానర్థం. ఇంట్లో డబ్ల్యూడబ్ల్యూఈ చూసే పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, అది కుస్తీ వీరుడు జాన్ సీనా సొత్తు. ఆ తర్వాత ఉంగరం వేలు చూపించింది, ఛాంపియన్ల ఉంగరం ఇక్కడికే వస్తోందని.

అంతే. ఎవర్నీ కొట్టలేదు, తోయలేదు. అయినా తెల్లారేసరికి దేశమంతా ఆ చెయ్యి గురించే మాట్లాడింది. ఇరవై ఏళ్ల అమ్మాయిని పట్టుకుని, పేరున్న వ్యాఖ్యాతలు కూడా నోటికొచ్చినట్టు తిట్టారు. ఫైనల్ చూడటానికి వచ్చిన అప్పటి అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్, గెలిచిన జట్టుతోపాటు ఓడిన అయోవాను కూడా వైట్‌హౌస్‌కు పిలుద్దామన్నారు. గెలిచినవాళ్లకి మండింది. మండదా మరి?

ఇక్కడొక వారం వెనక్కి వెళ్లాలి. సియాటిల్‌లో లూయివిల్‌తో జరిగిన మ్యాచ్‌లో క్లార్క్ 41 పాయింట్లు, 12 అసిస్ట్‌లు, 10 రీబౌండ్లు సాధించింది. అసిస్ట్ అంటే తోటి ఆటగత్తె బుట్టలో వేసేలా బంతి అందించడం, రీబౌండ్ అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడం. ఇలా మూడు లెక్కలూ పదికి తగ్గకపోతే ట్రిపుల్ డబుల్ అంటారు. జాతీయ టోర్నీలో 40 పాయింట్లు దాటిన ట్రిపుల్ డబుల్, మగవాళ్లలోనైనా ఆడవాళ్లలోనైనా, అదే మొదటిది. ఆ ఆటలో ఆమె కూడా సరిగ్గా అదే చెయ్యి ఊపింది. సీనా స్వయంగా మెచ్చుకున్నాడు. తర్వాత సెమీఫైనల్లో సౌత్ కరోలినా గార్డ్ రేవెన్ జాన్సన్ మూడు పాయింట్ల గీత దగ్గర బంతి పట్టుకుని నిలబడితే, క్లార్క్ ఆమెను కాచుకోకుండా, వేసుకో పో అన్నట్టు చెయ్యి విదిలించింది. అప్పుడు దాన్ని పోటీతత్వం అన్నారు, ఆత్మవిశ్వాసం అన్నారు.

రీస్ నల్లజాతి అమ్మాయి, క్లార్క్ తెల్లజాతి అమ్మాయి. ఇది పక్కనపెట్టి ఈ కథ చెప్పడం కుదరదు. రీసే ఆ రాత్రి చెప్పింది: ఏడాదంతా నన్ను తప్పుపట్టారు, మీరు గీసిన గీతలో నేను ఇమడను, వేరేవాళ్లు చేస్తే మాత్రం ఒక్కరూ మాట్లాడరు అని. క్లార్క్ కూడా రెండు రోజుల్లోనే, ఏంజెల్‌ను విమర్శించాల్సిన పని లేదని టీవీలో స్పష్టంగా చెప్పేసింది. ఆడినవాళ్లిద్దరికీ లేని గొడవ చూసినవాళ్లకి వచ్చింది.

నా అభిప్రాయం అడిగితే, చెయ్యి ఊపడం తప్పు కాదు. అవతలి పిల్ల పట్టించుకోకపోయినా వెంటపడి చూపించడం కాస్త ఎక్కువైంది. నా జట్టులో పిల్లయితే మర్నాడు పక్కకి పిలిచి రెండు నిమిషాలు మాట్లాడేవాణ్ని. అంతకు మించి ఆ విషయానికి బరువు లేదు.

మనకు మాత్రం ఇది కొత్తా? కబడ్డీలో రైడర్ తొడగొట్టి కూతకు దిగితే విజిళ్లు వేస్తాం. వాడు తొడగొట్టకపోతే ఏదో వెలితిగా కూడా ఉంటుంది. అదే తొడ ఆడపిల్ల కొడితే మన పెద్దవాళ్ల మొహాలు ఎలా మారతాయో ఒకసారి ఊహించుకోండి.

ఈ ఆటలో ఆ చూపు పుట్టుకతోనే వచ్చింది. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు దాన్ని ఆడపిల్లలకు నేర్పింది. ఆవిడ లేకపోతే ఈ ఆట మన పిల్లలదాకా వచ్చేది కాదేమో, ఆ గౌరవం ఆవిడకు ఇవ్వాలి. కానీ ఆటను ఆడవాళ్లకు తగ్గట్టు చేయాలని కోర్టును మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలంది. ఎదుటివాళ్ల చేతిలో బంతి లాక్కోకూడదంది. ఒళ్లూ ఒళ్లూ తగలకూడదు, మొరటుతనం కనపడకూడదు. తర్వాత ఈ నియమాలు రకరకాలుగా మారాయి గానీ, అయోవా రాష్ట్రంలో హైస్కూలు అమ్మాయిలు 1993 దాకా ఆరుగురి ఆట ఆడారు: ముగ్గురు బుట్టలో వేసేవాళ్లు, ముగ్గురు అడ్డుకునేవాళ్లు, మధ్యగీత దాటకూడదు, రెండుసార్లకు మించి బంతిని నేలకు కొట్టకూడదు. ఆ ఆటకు జనం విరగబడి వచ్చేవాళ్లు, అది వేరే సంగతి. క్లార్క్ పుట్టి పెరిగిన రాష్ట్రం అదే. ఆమె పుట్టుకకీ ఆ గీత చెరిగిపోవడానికీ మధ్య పదేళ్లు కూడా లేవు.

నియమాల సంగతీ ఒక ముక్క. ఎదుటివాళ్లను కవ్విస్తే రిఫరీ టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తన మీద వేసే తప్పు, ఇవ్వొచ్చు. రెండైతే ఆటలోంచి బయటికే. కొట్లాటకు దిగితే తర్వాతి మ్యాచ్ కూడా పోతుంది. తమాషా ఏమిటంటే, ఆ డాలస్ ఫైనల్లో పెద్ద దుమారం లేపిన టెక్నికల్ ఫౌల్ క్లార్క్ మీద పడింది, కవ్వించినందుకు కాదు. విజిల్ పడ్డాక బంతిని వెంటనే రిఫరీకి ఇవ్వకుండా వీపు వెనకనుంచి విసిరేసినందుకు. అయోవాకు అంతకుముందే ఆలస్యం చేస్తున్నారని హెచ్చరిక ఉంది. అది ఆమెకు నాలుగో ఫౌల్ అయింది, ఇంకొక్కటి పడితే ఆటే ఉండదు. నియమపుస్తకం ప్రకారం అది సరే కావచ్చు, చూసేవాళ్ల రుచి చెడగొట్టింది.

కవ్వింపు ఉత్తినే గాలికి పోతుందని నేననను. రేవెన్ జాన్సన్ సంగతి చూడండి. ఆ చెయ్యి విదిలింపు వీడియో దేశమంతా తిరిగింది. బాస్కెట్‌బాల్ మానేద్దామా అనుకున్నానని ఆమే చెప్పింది. మానలేదు. షూటింగ్ మీద పనిచేసింది, మరుసటి ఏడాదంతా పగ తీర్చుకునే యాత్ర అని పేరు పెట్టుకుని ఆడింది. 2024 ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్ ఫైనల్లో అదే క్లార్క్‌ను కాచుకుంటూ నిలబడింది. సౌత్ కరోలినా 87-75తో గెలిచి, ఒక్క ఓటమీ లేకుండా 38 విజయాలతో సీజన్ ముగించింది. ఆ మ్యాచ్‌ను సగటున 1 కోటి 89 లక్షల మంది చూశారు. మగవాళ్ల ఫైనల్ చూసింది 1 కోటి 48 లక్షల మంది. కప్పు చేతిలో పెట్టుకుని సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ మొదట చేసిన పనుల్లో ఒకటి, ఓడిన క్లార్క్‌కు పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పడం. ఆటను పైకి ఎత్తిందని.

గమనించండి, ఇక్కడ ప్రతి దెబ్బకీ ఎదురుదెబ్బ కొట్టే అవకాశం ఉంది. జాన్సన్ క్లార్క్‌కు జవాబిచ్చింది. క్లార్క్ కూడా ఎల్‌ఎస్‌యూకు జవాబిచ్చింది, 2024 ఏప్రిల్ 1న ఆల్బనీలో మళ్లీ 41 పాయింట్లు వేసి 94-87తో ఇంటికి పంపింది. వీళ్లు సమానులు. ఒకరి మీద ఒకరికి ఆట తప్ప ఇంకే అధికారమూ లేదు.

కోచ్‌లు అలా కాదు.

2023 సెమీఫైనల్‌కు ముందు అయోవా కోచ్ లీసా బ్లూడర్, సౌత్ కరోలినాతో రీబౌండ్లకు దిగడం బార్‌లో కొట్లాటకు వెళ్లినట్టు ఉంటుందన్నారు. మెచ్చుకోలుగానే అని ఉండొచ్చు. కానీ ఎదుటి జట్టులో ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిలు. ఓడిపోయిన రాత్రి స్టేలీ ఏడుపు ఆపుకుంటున్న పిల్లల తరఫున, మేం బార్‌లో కొట్లాడేవాళ్లం కాదు, రౌడీలం కాదు, కోతులం కాదు అని చెప్పాల్సి వచ్చింది. ఒక చెయ్యి ఊపుకు ఇచ్చిన శ్రద్ధలో పదో వంతు ఆ మాటకు ఇచ్చామా? పత్రికలూ తక్కువ తినలేదు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలిస్ టైమ్స్‌లో ఒక విలేకరి ఎల్‌ఎస్‌యూ అమ్మాయిల మీద నీచమైన మాట రాసి, తర్వాత దిద్దుకుని క్షమాపణ చెప్పాడు.

2024 మార్చి 10న గ్రీన్‌విల్‌లో సౌత్ కరోలినా, ఎల్‌ఎస్‌యూ మధ్య ఎస్‌ఈసీ ఫైనల్, అంటే ఆగ్నేయ రాష్ట్రాల కాలేజీల లీగ్ ఫైనల్. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా తోపులాట మొదలైంది. 2 మీటర్లు దాటిన సౌత్ కరోలినా ఆటగత్తె కమిల్లా కార్డోసో, తనకంటే చాలా చిన్నదైన ఎల్‌ఎస్‌యూ అమ్మాయి ఫ్లాజే జాన్సన్‌ను నేలమీదకు తోసేసింది. ఫ్లాజే అన్న స్కోరర్ల బల్ల దూకి కోర్టులోకి వచ్చాడు, పోలీసులు పట్టుకెళ్లారు. బెంచి వదిలి వచ్చిన పిల్లల్ని కూడా రిఫరీలు బయటికి పంపారు. కార్డోసోకు జాతీయ టోర్నీ మొదటి మ్యాచ్ పోయింది. తప్పు ఎవరిదో వాళ్లకు శిక్ష పడింది, ఆ అమ్మాయి క్షమాపణా చెప్పింది. సరే.

ఆ తర్వాత ఇద్దరు కోచ్‌లు మైకు ముందుకు వచ్చారు. గెలిచిన స్టేలీ, ఈ గొడవలో మా పాత్రకు క్షమించండి, మేం ఇలాంటివాళ్లం కాదు అన్నారు. ఓడిన ఎల్‌ఎస్‌యూ కోచ్ కిమ్ మల్కీ, ఇలాంటిది ఎవరూ కోరుకోరంటూనే, అంత చిన్నపిల్లను తోసే బదులు ఏంజెల్ రీస్‌ను తోసి ఉంటే బాగుండేదన్నారు. ఎత్తూ బరువూ సమానంగా ఉండేవని ఆవిడ లెక్క. నాకు ఆ లెక్క ఇప్పటికీ అర్థం కాదు. తన సొంత జట్టు పిల్ల పేరు చెప్పి, దెబ్బ ఆమెకు తగిలి ఉంటే బాగుండేదని కోచ్ ఎలా అంటారు? రీస్ దానికి ఏ చెయ్యి ఊపి జవాబు చెప్పాలి?

మల్కీని దుర్మార్గురాలిగా చూపించడం నా ఉద్దేశం కాదు. మన టెక్సస్‌లోనే, ఆవిడ బేలర్ యూనివర్సిటీ కోచ్‌గా ఉన్నప్పుడు, 2010 మార్చిలో లబక్‌లో ఒక మ్యాచ్ జరిగింది. అప్పుడు మొదటి ఏడాదిలో ఉన్న బ్రిట్నీ గ్రైనర్ ఎదుటి అమ్మాయిని గుద్ది ముక్కు విరగ్గొట్టింది. నియమం ప్రకారం ఒక మ్యాచ్ నిషేధం. మల్కీ తనంతట తానే ఇంకో మ్యాచ్ కలిపారు, జట్టులో అంత ముఖ్యమైన పిల్లయినా సరే. అదే మనిషి. కోచ్‌లను ఒక్క క్లిప్పుతో తూచకూడదు, నిజమే. పిల్లల్ని మాత్రం ఒక్క క్లిప్పుతోనే తూస్తున్నాం.

మైకుల ముందు జరిగేది ఇంత. తలుపులు మూశాక జరిగేది వేరు. పెన్ స్టేట్ యూనివర్సిటీలో రెనీ పోర్ట్‌లాండ్ 1980 నుంచి 2007 దాకా కోచ్. తన జట్టులో స్వలింగ ప్రేమ ఉన్న అమ్మాయిలకు చోటు లేదన్నది ఆవిడ బహిరంగంగా చెప్పుకున్న నియమం. పత్రికల్లో వచ్చింది, అందరికీ తెలుసు. అయినా ఒక ఆటగత్తె కోర్టుకెక్కేదాకా ఆవిడ కుర్చీ కదల్లేదు. నార్త్ కరోలినాలో సిల్వియా హాచెల్ 1994లో జాతీయ కప్పు గెలిపించారు, 1000కి పైగా విజయాలు, హాల్ ఆఫ్ ఫేమ్ కూడా. 2019 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. జాతి విషయంలో నొప్పించే మాటలన్నారనీ, గాయాలున్న పిల్లల్ని ఆడమని ఒత్తిడి పెట్టారన్న ఆందోళనలు ఉన్నాయనీ విచారణలో వచ్చింది. 2020 ఆగస్టులో మళ్లీ లబక్, ఈసారి టెక్సస్ టెక్ యూనివర్సిటీ. కోచ్ మార్లీన్ స్టాలింగ్స్ జట్టులో పిల్లలు భయంతో బతుకుతున్నారనీ, గుండె వేగం కొలిచే పరికరాలు పెట్టి ఆ అంకె తగ్గకూడదని హింసించారనీ యూఎస్‌ఏ టుడే కథనం వచ్చింది. రెండు సీజన్లలో 21 మందిలో 12 మంది జట్టు వదిలిపోయారు. ఆ ఆరోపణలను ఆవిడ ఖండించారు. యూనివర్సిటీ మర్నాడే ఆవిడను తీసేసింది.

ఈ పిల్లలు కోచ్ మీద చెయ్యి ఊపలేరు. ఎన్ని నిమిషాలు ఆడాలో, అసలు ఆడాలో వద్దో చెప్పేది ఆవిడే. "కఠినంగా ఉంటేనే రాటుదేలతారు" అని మనవాళ్లు కూడా తల ఊపుతారు, నాకు తెలుసు, మనం ట్యూషన్ మాస్టార్ల దగ్గర దెబ్బలు తిని పెరిగిన తరం. కఠినంగా ఉండటం వేరు. టెనసీలో పాట్ సమిట్ చూపుకే పిల్లలు వణికేవాళ్లంటారు. ఎనిమిది జాతీయ కప్పులు, 1098 విజయాలు. ఆవిడ దగ్గర ఆడిన ఆడవాళ్లు దశాబ్దాల తర్వాత కూడా ఆవిడ పేరెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఈ మధ్య కొంత బలం పిల్లల చేతికి వచ్చింది. మొదటిసారి కాలేజీ మారినా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నియమం 2021లో పోయింది. అదే ఏడాది జులై నుంచి తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. కోచ్‌లు దీని మీద గునుస్తుంటారు, పిల్లల్లో నిలకడ పోయిందని. నేను మాత్రం, తలుపు తెరిచి ఉంటే లోపలివాళ్లు కాస్త మర్యాదగా ఉంటారనే అనుకుంటున్నాను.

కాబట్టి మీ అమ్మాయి కోసం కాలేజీ కోచ్ మీ ఇంటికి వచ్చిన రోజున, స్కాలర్‌షిప్ ఎంత, ఇంజినీరింగ్ చదువుతూ ఆడొచ్చా అని మనం ఎలాగూ అడుగుతాం. అడగండి. దాంతోపాటు గత మూడేళ్లలో జట్టు మధ్యలో వదిలిపోయినవాళ్లు ఎంతమంది అని కూడా అడగండి. గాయమైతే ఆడొచ్చో లేదో తేల్చేది డాక్టరా, మీరా అని అడగండి. వదిలిపోయినవాళ్లలో ఒకరితో మాట్లాడే వీలుంటే ఫోన్ చేసి మాట్లాడాకే సంతకం పెట్టండి. మ్యాచ్‌కు వెళ్లినప్పుడు బంతి వెంట కాకుండా ఒక పావుగంట బెంచి వైపు చూడండి, తప్పు చేసి బయటికి వచ్చిన పిల్లతో కోచ్ ఏం చేస్తుందో.

ఇక మీ ప్రశ్నలు. రిఫరీల మీద ఫిర్యాదులు మాత్రం టీ తాగేటప్పుడు వింటాను, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.