24వ గడిలో లేని పతకం

అందరికీ నమస్కారం. అమెరికా సైనిక రికార్డుల మీద తెలుగు సభలో ప్రసంగం ఎందుకని నిర్వాహకుల్లో ఒకరికి సందేహం వచ్చింది. ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాల్లో కోడలి తాతగారో, అల్లుడి తండ్రో వియత్నాం వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నారు. మన పిల్లలూ సైన్యంలో చేరుతున్నారు. మాజీ సైనికులకి దరఖాస్తులు నింపిపెట్టే పని నేను జీతం లేకుండా చేస్తున్నాను. లాయర్ని కాను. ఈమధ్య పాత కాగితాల కవర్లు పట్టుకొచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళూ కనిపిస్తున్నారు. ఆ బల్ల దగ్గర కూర్చుని పదేపదే చెప్పేదే ఇక్కడ నిలబడి చెబుతాను.

నేను ఎక్కువగా వినేది ఇది: "యుద్ధంలో ఉన్నాను. గాయపడ్డాను. ఆసుపత్రి మంచం మీద ఉండగా పర్పుల్ హార్ట్ ఇచ్చి వెళ్ళారు. నా డీడీ 214లో మాత్రం లేదు." పర్పుల్ హార్ట్ అంటే శత్రువు చేతిలో గాయపడ్డవాళ్ళకిచ్చే పతకం. డీడీ 214 అంటే సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు చేతికిచ్చే విడుదల పత్రం. ఎప్పుడు చేరాడు, ఏం పని చేశాడు, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ అందులోనే. వియత్నాం కాలపు ఫారంలో పతకాలది 24వ గడి, ఇప్పటి ఫారంలో 13వ గడి. ఇంటి అప్పు దగ్గర్నుంచి సమాధి రాయి దాకా ప్రభుత్వం చూసేది ఈ కాగితాన్నే.

పరువు సంగతి అలా ఉంచండి, గడి ఖాళీగా ఉంటే అసలు నష్టమూ ఉంది. పర్పుల్ హార్ట్ ఉన్నవాళ్ళకి మాజీ సైనికుల శాఖ, అదే వీఏ, వైద్యంలో మూడో ప్రాధాన్య వర్గంలోనో అంతకన్నా పైనో చోటిస్తుంది. యుద్ధంలో పోరాడినట్టు బ్యాడ్జి ఉన్నవాడు పీటీఎస్‌డీకి, అంటే యుద్ధం మిగిల్చిన మానసిక గాయానికి, పరిహారం అడిగితే, దానికి కారణమైన సంఘటన నిజంగా జరిగిందా అన్న పేచీ చాలావరకు ఉండదు. బ్యాడ్జి లేనివాడు ఆ పేచీతోనే ఏళ్ళు గడిపేస్తాడు.

పెద్దాయన ఎవరైనా వస్తే ముందు కథంతా వింటాను, మధ్యలో ఆపను. తర్వాత అడిగేది ఒకటే: ఆ రోజు మీ గురించి ఎవరు, ఏ కాగితం మీద రాశారు? చాలామందికి ఈ ప్రశ్న నచ్చదు. తమ మాటని శంకిస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ రికార్డులు దిద్దే బోర్డు ముందు మీ ధైర్యం గురించి పది పేజీలు రాసినా, ఆనాటి కాగితం ఒక్కటి పక్కన పెట్టకపోతే లాభం లేదు. నేనీవేళ చెప్పదలచుకున్నది ఇంతే. కాగితం ఎక్కడ పుట్టి ఉంటుందో కనిపెట్టడమే ఈ పనిలో ముప్పాతిక వంతు.

అసలు పతకాలు ఎందుకు తప్పిపోయాయి? వియత్నాంలో ఆర్మీ సైనికులు దళంగా తిరిగి రాలేదు. ఎవరి ఏడాది లెక్క వాళ్ళది. నిండిన రోజున ఒక్కడే విమానం ఎక్కేవాడు. కాలిఫోర్నియాలో ఓక్లాండ్ ఆర్మీ బేస్ లాంటి చోట దిగితే కొత్త యూనిఫాం, జీతం లెక్క, విడుదల పత్రం, అన్నీ గంటల్లో అయిపోయేవి. గుమాస్తా తన ముందున్న ఫైల్లో ఏముంటే అది టైపు కొట్టాడు. ఇంటికెళ్ళే ఆత్రంలో ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు గడులన్నీ చదివి చూసుకుంటాడా? సంతకం పెట్టి బయటపడ్డాడు. అతని పతకం ఉత్తర్వు రెండు నెలల తర్వాత వియత్నాంలో వెలువడితే, అది అతని ఫైలుని వెతుక్కుంటూ సముద్రం దాటాలి. కొన్ని దాటాయి. కొన్ని అక్కడే ఏదో పెట్టెలో ఉండిపోయాయి.

ఒకాయన ఫైలు సంగతి చెబుతాను, పేరు అవసరం లేదు. ఆయన సర్వీస్ ఫైలు సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రం నుంచి తెప్పించాం. అందులో డీఏ ఫారం 20 అని మడత పెట్టిన అట్ట ఒకటుంటుంది. సైనికుడి చరిత్ర మొత్తం చిన్న చిన్న గడుల్లో ఉంటుంది. 31వ గడిలో విదేశీ సేవ తేదీలు. 38లో ఏ కంపెనీ, ఏ ఉద్యోగం. 40వ గడి గాయాలది. ఎడమ ముంజేతికి పేలుడు ముక్కల గాయం, పక్కన తేదీ, ఎవరో పెన్నుతో రాశారు. దాని కిందే 41వ గడి, పతకాలది. సర్వీసు పతకాలు ఉన్నాయి, పదాతి దళంలో పోరాడినవాళ్ళకిచ్చే కాంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జి ఉంది. పర్పుల్ హార్ట్ లేదు. గాయం రాసిన చెయ్యి ఒక్క అంగుళం కిందికి దిగలేదు.

ఆ పతకానికి కావలసినవి మూడు. గాయం శత్రువు చర్య వల్ల కావాలి. వైద్య సిబ్బంది చికిత్స చేయాల్సినంతటిది కావాలి. ఆ చికిత్స రికార్డులో ఉండాలి. ఆయన డివిజన్ ఉత్తర్వుల్లో వెతికితే ఏమీ దొరకలేదు. అక్కడే చాలామంది ఆగిపోతారు. వియత్నాంలో గాయపడ్డవాళ్ళకి ఆసుపత్రులే పర్పుల్ హార్ట్ ఇవ్వడం మామూలు. ఇచ్చినప్పుడు ఉత్తర్వు కూడా ఆసుపత్రి పేరు మీదే వెలువడేది. ఆయన్ని చేర్చుకున్న ఆసుపత్రి ఉత్తర్వుల్లో చూస్తే ఉన్నాడు, ఇంటిపేరులో ఒక అక్షరం తేడాతో. సర్వీస్ నంబరు మాత్రం అక్షరాలా ఆయనదే. ఇలాంటి కేసుకి బోర్డు దాకా వెళ్ళనక్కర్లేదు. ఉత్తర్వు ప్రతి జతచేసి అడిగితే పరిపాలనా విభాగమే సరిదిద్దుతుంది.

ఇక్కడ అగ్నిప్రమాదం గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద అపోహలు ఎక్కువ. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ శివార్లలోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌లో ఆరో అంతస్తు తగలబడింది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా ఫైళ్ళు పోయాయి. నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏవి పోయాయో చెప్పే సూచిక కూడా లేదు. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 లోపు విడుదలైన ఆర్మీ వాళ్ళ ఫైళ్ళలో 80 శాతం, 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి 1 లోపు విడుదలైన ఎయిర్‌ఫోర్స్ వాళ్ళలో ఇంగ్లీషు అక్షరక్రమంలో హబ్బర్డ్ అనే ఇంటిపేరు తర్వాత వచ్చేవాళ్ళవి 75 శాతం. ఇంటిపేరు ముందు వరసలో ఉన్నందుకు బతికిపోయిన ఫైళ్ళున్నాయన్నమాట. తడిసిన కాగితాల్ని ఆరబెట్టడానికి మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీ వాళ్ళ వాక్యూమ్ గదుల్ని వాడారు. దాదాపు 65 లక్షల ఫైళ్ళు ఏదో ఒక రూపంలో దక్కాయి.

కాబట్టి 1969లో విడుదలైన ఆర్మీ మనిషి "నా ఫైలు అప్పుడే కాలిపోయిందట" అంటే, ముందు రాసి అడగండి అంటాను. చాలామటుకు అది భద్రంగా ఉంటుంది. స్టాండర్డ్ ఫారం 180 నింపితే చాలు, మాజీ సైనికుడు తన సొంత రికార్డుకి రుసుం కట్టనక్కర్లేదు. నిజంగా కాలిపోయినవాళ్ళకీ దారులున్నాయి. ప్రతి కంపెనీ రోజూ పంపిన మార్నింగ్ రిపోర్టుల్లో గాయపడ్డవాళ్ళ పేర్లు, ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఉంటాయి. ఏ కంపెనీనో, ఏ నెలలోనో చెప్పగలిగితే వెతుకుతారు. 1942 నుంచి 45 దాకా, 1950 నుంచి 54 దాకా ఆసుపత్రుల్లో చేరినవాళ్ళ వివరాలు సర్జన్ జనరల్ కార్యాలయం దాచిన రికార్డుల్లో కొంతమేరకు దొరుకుతాయి. అందులో పేర్లుండవు, సర్వీస్ నంబర్లతో వెతకాలి. ఇంట్లో ఆ నంబరు ఎక్కడైనా రాసి ఉంటే పారేయకండి.

కొన్ని పతకాలు అడగనందుకే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జి గానీ మెడికల్ బ్యాడ్జి గానీ పొందిన ప్రతివాడికీ బ్రాంజ్ స్టార్ పతకం ఇవ్వొచ్చని 1947లో నిర్ణయించారు. దరఖాస్తు చేసుకోవాలి. అప్పటికి వాళ్ళంతా ఇళ్ళకెళ్ళి పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పడ్డారు. వాళ్ళ మనవలు ఇప్పుడు తాతగారి విడుదల పత్రం తెచ్చి చూపిస్తే, బ్యాడ్జి పేరు కనపడగానే నాకు హుషారొస్తుంది. అలాగే వియత్నాంలో పనిచేసిన ఆర్మీ దళాలన్నిటికీ దక్షిణ వియత్నాం ఇచ్చిన గాలంట్రీ క్రాస్ యూనిట్ గౌరవం వర్తిస్తుందని 1974లో ఉత్తర్వు వచ్చింది. అంతకు ముందే విడుదలైనవాడి పత్రంలో అది ఎలా ఉంటుంది? బోర్డు తీర్పులు చదివితే ఇదొక తమాషా. అడిగిన పతకం నిరాకరిస్తూనే, అడగని యూనిట్ గౌరవాన్నీ, యుద్ధ ఘట్టాలకిచ్చే చిన్న కంచు నక్షత్రాల్నీ చేర్చమని కింద రాస్తారు.

బోర్డు అంటే ఏమిటో రెండు మాటలు. పూర్వం సైనిక రికార్డులో తప్పుంటే పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్, ఆ ఒక్క మనిషి కోసం ఒక బిల్లు పాస్ చేయాల్సి వచ్చేది. 1946లో ఆ పద్ధతి ఆపి, దిద్దే అధికారాన్ని సైనిక శాఖలకే ఇచ్చారు. ఆర్మీకి ఒక బోర్డు, నేవీ, మెరైన్లకి ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌కి ఒకటి, కోస్ట్ గార్డుకి ఒకటి. కూర్చునేది పౌర ఉద్యోగులు. దరఖాస్తు డీడీ ఫారం 149. తప్పు గమనించిన మూడేళ్ళలోపు పెట్టాలని నియమం. న్యాయం కోసం అవసరమనిపిస్తే బోర్డు ఆ గడువుని పక్కన పెట్టొచ్చు, చాలాసార్లు పెడుతుంది. అందుకని యాభై ఏళ్ళు దాటిందని మానుకోకండి. అయితే రికార్డు సరైనదేనన్న భావనతోనే వాళ్ళు మొదలుపెడతారు. తప్పని చూపించే భారం మీదే.

ఈ కట్టుదిట్టం మీద నాకు పెద్ద కోపం లేదు. రాని పతకాలు తగిలించుకు తిరిగేవాళ్ళు ఈ దేశంలో తక్కువేం కాదు. అలా మోసం చేసి లాభం పొందేవాళ్ళ మీద 2013లో చట్టం తెచ్చారు. నాకు కోపం వచ్చేది ఇంకోచోట. కాంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జి ప్రధానంగా పదాతి దళం వాళ్ళకే. ఫిరంగి దళం నుంచి వచ్చి, పదాతి కంపెనీతో పాటే అడవిలో నడిచి, రేడియోలో గురి చెప్పిన ఫార్వర్డ్ అబ్జర్వర్‌కి అది రాదు. అతని పక్కన నడిచినవాడికి వస్తుంది. 2005లో కాంబాట్ యాక్షన్ బ్యాడ్జి పెట్టి ఇతర విభాగాలవాళ్ళకీ ఇచ్చారు గానీ, 2001 సెప్టెంబరు 18 తర్వాతి పోరాటాలకే. వియత్నాం వాడికి అదీ లేదు. నేవీ, మెరైన్ల కాంబాట్ యాక్షన్ రిబ్బన్‌ని మాత్రం 1941 డిసెంబరు దాకా వెనక్కి జరిపారు. ఇందులో న్యాయం ఏముందో నాకు అర్థం కాదు. ఏమైనా ఈ పెద్దమనుషుల రికార్డులో తప్పు లేదు, నియమమే అలా ఉంది. నియమాన్ని మార్చే అధికారం బోర్డుకి లేదు. ఆ మాట మొహం మీద చెప్పాల్సి రావడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టం.

సిఫారసే జరగని సాహస పతకాల దారి వేరు. ఆనాటి అధికారి గానీ కళ్ళారా చూసినవాళ్ళు గానీ డీఏ ఫారం 638 మీద సిఫారసు రాయాలి. దాన్ని కాంగ్రెస్ సభ్యుడి ద్వారా పంపాలి. గడువు దాటినా పరిశీలించే వీలుని 1996 నాటి చట్టం ఇచ్చింది. సిఫారసు రాసి పంపినా మాయమైన సందర్భాలూ ఉన్నాయి. స్పెషల్ ఫోర్సెస్ కెప్టెన్ పారిస్ డేవిస్ 1965 జూన్‌లో బాంగ్ సాన్ దగ్గర తను గాయపడి కూడా తన వాళ్ళని బయటికి లాక్కొచ్చాడు. పై అధికారి అమెరికా అత్యున్నత సాహస పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్‌కి సిఫారసు చేశాడు. ఆ కాగితాలు కనపడకుండా పోయాయి. 1969లో విచారణ జరిపి మళ్ళీ పంపమన్నారు. మళ్ళీ పోయాయి. నల్లజాతి అధికారి కావడమే కారణమని తోటివాళ్ళు బాహాటంగానే అన్నారు. చివరికి 2023 మార్చి 3న వైట్‌హౌస్‌లో పతకం మెడలో పడేసరికి ఆయనకి 83 ఏళ్ళు. పట్టువదలని పాత మిత్రులు లేకపోతే అదీ జరిగేది కాదు.

మిత్రుల మాట వచ్చింది కాబట్టి సాక్ష్యాల గురించి చెబుతాను. తోటి సైనికుల వాంగ్మూలం పనికొస్తుంది, రాసే తీరుని బట్టి. "ఇతను వీరుడు, పతకానికి అర్హుడు" అని రాస్తే బోర్డు పక్కన పెడుతుంది. "నేను అతనికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను, మోర్టారు పడింది, మెడిక్ కట్టు కట్టాడు, హెలికాప్టర్ ఎక్కించడంలో నేనూ చెయ్యి వేశాను" అని రాస్తే చదువుతారు. తన పేరు, తన హోదా, తను ఆ కంపెనీలోనే ఉన్నట్టు తన డీడీ 214 నకలు కూడా జతచేయాలి. ఇద్దరి వాంగ్మూలాలు ఒకే మాటల్లో ఉంటే అనుమానమొస్తుంది. ఎవరిది వాళ్ళే రాయనివ్వండి, తప్పులున్నా సరే.

తిరస్కరిస్తే కొత్త ఆధారం దొరికాక మళ్ళీ అడగొచ్చు. కోర్టుకీ వెళ్ళొచ్చు, కానీ అక్కడ గడువు ఆరేళ్ళు. ఆ గడువు బోర్డు గడువులా మెత్తనిది కాదు. మాజీ సైనికుడు చనిపోతే భార్య గానీ వారసులు గానీ దరఖాస్తు పెట్టొచ్చు, మరణ ధ్రువపత్రం జతచేయాలి. బోర్డుల పాత తీర్పులు పేర్లు తీసేసి ప్రజలకి అందుబాటులో పెట్టారు. మీ కేసులాంటిది ఒకటి చదివి, అందులో ఏ కాగితం పనికొచ్చిందో చూసి, తర్వాత మీది రాయండి.

గెలిచినవాళ్ళకి మామూలుగా పాత పత్రాన్ని మార్చి ఇవ్వరు. డీడీ 215 అనే దిద్దుబాటు పత్రం వస్తుంది. ఒకటి లేకుండా రెండోది చూపిస్తే ఏ ఆఫీసులోనూ పని జరగదు, రెండూ కలిపే దాచండి.

కవర్లు తెచ్చినవాళ్ళు ఇప్పుడు ముందు బల్ల దగ్గరికి రావచ్చు. ఒక్క జాగ్రత్త. 1969 జూలై నుంచి ఆర్మీలో సర్వీస్ నంబరు బదులు సోషల్ సెక్యూరిటీ నంబరే వాడారు. అది ప్రతి పేజీ మీదా ఉంటుంది. నాకు చూపించే ముందు చిన్న కాగితం ముక్క పెట్టి దాన్ని కప్పండి.