‘మెయిల్ పెట్టండి’ అనడం ఎప్పుడు మానేసింది?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని ఇంటర్వ్యూల గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కింద కూర్చోండి, పర్వాలేదు.

ఇవాళ నేను మాట్లాడేది ఒకే ఒక్క ప్రశ్న గురించి. ‘తోటి ఉద్యోగి నమ్మకం సంపాదించుకున్న ఒక సందర్భం చెప్పండి.’ దీనికి అన్నదమ్ములు కూడా ఉన్నాయి: ‘మీరంటే నమ్మకం లేనివాళ్ళతో ఎప్పుడైనా పనిచేశారా’, ‘టీమ్‌లో ఒకరికి చేదు నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు’, ఇలాంటివి. పదేళ్ళుగా బల్లకి అటుపక్క కూర్చుని ఈ ప్రశ్న అడుగుతున్నాను. కోడింగ్ రౌండ్ మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా దాటేసినవాళ్ళు ఇక్కడికొచ్చి నీళ్ళు నమలడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఈ ప్రశ్నని దాచకుండా, పేరు పెట్టి మరీ అడిగే కంపెనీ అమెజాన్. వాళ్ళ లీడర్‌షిప్ ప్రిన్సిపల్స్, అంటే అక్కడ పనిచేసేవాళ్ళు ఎలా మెలగాలో చెప్పే సూత్రాలు, వాళ్ళ సైట్‌లోనే ఉంటాయి, 2021లో ఇంకో రెండు కలిపాక మొత్తం 16 అయ్యాయి. వాటిలో ఒకటి ‘ఎర్న్ ట్రస్ట్’, అంటే నమ్మకం సంపాదించుకోవడం. శ్రద్ధగా వినాలి, మనసులో ఉన్నది సూటిగా చెప్పాలి, ఎదుటివాళ్ళని గౌరవించాలి, ఎంత ఇబ్బందిగా ఉన్నా తన తప్పు తనే పైకి చెప్పుకోవాలి అని దాని సారాంశం. అందులో ఒక తమాషా మాట కూడా ఉంది, తన ఒంటి వాసన, తన టీమ్ ఒంటి వాసన అత్తరులా ఉంటుందని లీడర్ అనేవాడు అనుకోడట. కాకి పిల్ల కాకికి ముద్దు అని మనవాళ్ళు అన్నదీ ఇదే. 2019లో నానక్‌రామ్‌గూడలో వాళ్ళ పెద్ద క్యాంపస్ వచ్చాక హైదరాబాద్‌లో ఈ పదహారూ బట్టీ పట్టేవాళ్ళు బాగా పెరిగారు. బట్టీ పట్టడంలో తప్పులేదు, కాకపోతే అడిగేది ఆ పాఠం కాదు, మీ జీవితంలో జరిగిన ముక్క.

ఎందుకలా అడుగుతారంటే దానికో చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వైమానిక విభాగంలో జాన్ ఫ్లానగన్ అనే సైకాలజిస్టు పనిచేశాడు. ఫలానావాడు మంచి పైలటా అని అడిగితే అందరూ మంచివాడే అంటారు, దాంతో ఏమీ తేలదు. అందుకని, ఆ రోజు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, దానివల్ల ఏమైంది అని ఒక్కొక్క సంఘటనా పోగుచేయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిని ఆయన 1954లో పేపర్‌గా రాశాడు. మీరు యూట్యూబ్‌లో చూసే స్టార్ పద్ధతి, అంటే సందర్భం, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం, ఇదంతా ఆ ఆలోచనకి వారసత్వమే. కాబట్టి ‘నేను చాలా నమ్మకస్తుణ్ణి సార్, అందరితో బాగుంటాను’ అంటే నాకు రాసుకోవడానికి ఏమీ ఉండదు, పెన్ను పక్కన పెట్టేస్తాను.

సరే, జనం సాధారణంగా ఏం చెప్తారు? ఎక్కువమంది హీరో కథ చెప్తారు. రిలీజ్ ఆగిపోయింది, అందరూ టెన్షన్‌లో ఉన్నారు, నేను రాత్రంతా కూర్చుని సాల్వ్ చేశాను, అప్పట్నుంచి అందరికీ నా మీద నమ్మకం. ఇందులో కనపడేది పనితనం మాత్రమే. నమ్మకం మీద 1995లో మేయర్, డేవిస్, షూర్మన్ అని ముగ్గురు రాసిన ఒక పేపర్‌ని ఇప్పటికీ అందరూ ఉదహరిస్తుంటారు. వాళ్ళు చెప్పింది, మనం ఒకర్ని నమ్మాలంటే మూడు చూస్తామని: పని వచ్చా, నా మేలు కోరతాడా, మాట మీద నిలబడతాడా. మనవాళ్ళ జవాబులన్నీ మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి. పని బాగా వచ్చి కూడా ఎవరూ నమ్మనివాళ్ళు మీ ఆఫీసులో లేరా? ఇప్పుడే ఒకరి మొహం గుర్తొచ్చి ఉంటుంది.

ఇంకో రకం ఈ మధ్య ఎక్కువైంది. ‘వన్ ఆన్ వన్ పెట్టుకున్నాను, శ్రద్ధగా విన్నాను, అతని కోణం అర్థం చేసుకున్నాను, ఇద్దరం కలిసి ముందుకెళ్ళాం’. ఒకే వారంలో ముగ్గురు ఇదే కథ చెప్పారు, కంపెనీ పేరు తప్ప అంతా ఒకటే. చాట్‌జీపీటీ రాసిచ్చిందని నేను నిరూపించలేను కానీ, ‘అతను అసలు దేని గురించి విసుక్కున్నాడు?’ అని అడిగితే ముగ్గురూ ఒకేలా ఆగిపోయారు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలి, నాకు ఇష్టమైన విషయం. ఇంట్లో గ్లాసు పగిలితే పిల్లాడు ఏమంటాడు? ‘అమ్మా, గ్లాసు పగిలిపోయింది.’ దానంతట అదే పగిలిందన్నమాట. పాలు ఒలికిపోయాయి, తాళాలు పోయాయి, మార్కులు తగ్గిపోయాయి. చేసినవాడు వాక్యంలో ఉండడు. ఈ అలవాటునే ఇంగ్లీషులోకి మోసుకొచ్చి ఇంటర్వ్యూలో ‘మిస్టేక్ హ్యాపెండ్ సార్, మిస్‌కమ్యూనికేషన్ వజ్ దేర్’ అంటాం. దానికి తోడు, నేను నేను అనకూడదని పెంచారు కదా, మంచి చేసినప్పుడు ‘మేం చేశాం’ అంటాం. మంచి అందరిదీ, చెడు ఎవరిదీ కాదు. ఇంటర్వ్యూ చేసేవాడు మాత్రం మిమ్మల్ని వెతుకుతుంటాడు, ఇందులో ఈ మనిషి ఎక్కడున్నాడా అని. పగిలిపోయింది అనకండి, పగలగొట్టాను అనండి. ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి మీ కథని ఒకసారి తెలుగులో, గట్టిగా, ‘నేను’ పెట్టి చెప్పుకోండి. ఎక్కడ గొంతు తగ్గుతుందో అక్కడే అసలు విషయం ఉంటుంది.

నా కథ చెప్తాను. 2012, నా రెండో ఉద్యోగం, కంపెనీ పేరు వద్దు. శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ అంతా అయిపోయాక కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక చిన్న మార్పు చేశాను. సెషన్ టైమవుట్, అంటే ఎంతసేపటికి మళ్ళీ లాగిన్ అడగాలో ఆ సమయం, 30 నిమిషాలు పెట్టాల్సింది, 3 కొట్టాను. క్యాబ్ వెళ్ళిపోతుందని తొందర. సోమవారం పొద్దున క్లయింట్ ఆఫీసులో ప్రతి మూడు నిమిషాలకీ ఒకసారి లాగిన్ అడుగుతోంది. కాల్‌లో మా మేనేజర్ అడిగాడు, ‘టెస్టింగ్‌లో ఇది ఎలా మిస్ అయింది?’ టెస్టింగ్ చూసేది నాకంటే ఐదేళ్ళు సీనియర్ ఒకావిడ. నన్ను ‘నువ్వు’ అని, తమ్ముడిలా చూసేది. నేను మ్యూట్‌లో ఉన్నాను. అప్పటికే నాకు అనుమానం వచ్చింది, మౌస్ మ్యూట్ బటన్ మీదే ఉంది కూడా. తీయలేదు. ఆవిడ ‘చెక్ చేసి చెప్తాం’ అని తల మీద వేసుకుంది.

మధ్యాహ్నానికి మార్పుల హిస్టరీలో నా పేరు, శుక్రవారం, 7 గంటల 40 నిమిషాలు అని కనపడింది. నా సీటు దగ్గరికొచ్చి తిట్టలేదు. ‘మీరు కాల్‌లో ఉన్నారు కదా?’ అంది. అంతే. నువ్వు కాస్తా మీరు అయింది. ఆ తర్వాత నేనేం చెప్పినా ఒకటే జవాబు: ‘ఒక మెయిల్ పెట్టండి.’ లంచ్‌లో ఎదురుగా కూర్చుని చెప్పినా మెయిల్ పెట్టండి.

మర్నాటి కాల్‌లో అది నా మార్పు, టెస్టింగ్ అయ్యాక చేశాను, ఆవిడకి తెలిసే అవకాశమే లేదు అని చెప్పాను. ఒకరోజు ఆలస్యంగా చెప్పిన నిజానికి పెద్దగా మార్కులు పడవు, పడలేదు కూడా. తర్వాత ఒక్క లైన్ మార్చినా ముందు ఆవిడకి చెప్పేవాణ్ణి. రిలీజ్ షీట్‌లో ఏం మార్చానో, ఏది టెస్ట్ చేయలేదో రెండు ముక్కలు రాసేవాణ్ణి, ముఖ్యంగా ఆ రెండోది. రెండు నెలలు ఆవిడ పట్టించుకోలేదు. ఒకసారి నా కోడ్‌లో ఎవరూ చూడని తప్పు నాకే కనపడితే, స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే టీమ్ మీటింగ్‌లో, అందరి ముందూ చెప్పాను, చెవులు ఎర్రబడ్డాయి. ఐదో నెలలో ఒక రిలీజ్ రాత్రి, పదిన్నరకి, ‘ఇది నువ్వు చూశావా?’ అని అడిగింది. చూశాను, మెయిల్ పెడతాను అన్నాను. ‘మెయిలెందుకులే, చూశావుగా’ అంది.

ఇంటర్వ్యూలో నేనే ఈ కథ చెప్పాలంటే రెండు నిమిషాల్లో చెప్తాను, ఫలితం దగ్గర ‘ఆవిడ నమ్మకం సంపాదించాను’ అనను. ‘ఐదో నెలలో మెయిల్ అడగడం మానేసింది’ అంటాను. నమ్మకం ఇచ్చేది అవతలివాళ్ళు, కాబట్టి సాక్ష్యం వాళ్ళు చేసిన పనిలోనే ఉంటుంది. మీ కథలో అవతలి మనిషి చివర్లో ఏమీ చేయకపోతే అది నమ్మకం కథ కాదు, మీ పనితనం కథ. మీరు, నువ్వు తేడా ఇంగ్లీషులో రాదు, కాబట్టి అవతలివాళ్ళు చేసిన ఇలాంటి పని ఒకటి వెతుక్కోవాలి: తన కోడ్ రివ్యూకి మిమ్మల్నే అడిగింది, సెలవుపై వెళ్తూ పని మీకు అప్పజెప్పింది, చెడు వార్త మేనేజర్ కంటే ముందు మీకు చెప్పింది.

తర్వాత కొసరు ప్రశ్నలు వస్తాయి. అసలు ఇంటర్వ్యూ అదే. ‘అప్పుడు ఆమె ఏమంది?’ ‘ఆ రోజే ఎందుకు చెప్పలేదు?’ ‘ఇప్పుడు ఆమెకి ఫోన్ చేసి మీ గురించి అడిగితే ఏం చెప్తుంది?’ అమెజాన్‌లో అయితే బార్ రైజర్ అని ఆ టీమ్‌తో సంబంధం లేని మనిషి ఒకరు ఉంటారు, ఖాళీ సీటు నింపాలన్న తొందర వాళ్ళకి ఉండదు, అందుకని తీరిగ్గా తవ్వుతారు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ‘ఆ రోజే ఎందుకు చెప్పలేదు’ అనగానే మేనేజర్ మీదో డెడ్‌లైన్ మీదో పడిపోకండి. ‘భయపడ్డాను’ అనొచ్చు. ఆ మాట విని నేనెవర్నీ రిజెక్ట్ చేయలేదు.

రిజెక్ట్ చేసినవి వేరే. ఒకతను కథ రక్తి కట్టించడానికి క్లయింట్ పేరు, వాళ్ళ డేటా ఎలా బయటపడింది, అన్నీ చెప్పేశాడు. ఇంకొకావిడ తన మీద కొలీగ్‌కి ఎంత నమ్మకమో చూపించడానికి ఆ కొలీగ్ ఇంట్లో భార్యాభర్తల గొడవలన్నీ చెప్పుకొచ్చింది. ఆ నమ్మకం మా కళ్ళముందే పోతోందని ఆవిడకి తట్టలేదు.

ఫ్రెషర్స్ ‘మాకు కొలీగ్సే లేరు కదా సార్’ అంటారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో నలుగురి పేర్లున్నా పని ఒకడిదే అన్న సంగతి మాకూ తెలుసు, మేమూ అలాగే చదివాం. ఆ నలుగురి మధ్య ఏం జరిగిందో నిజంగా చెప్పండి, పని చేయని ముగ్గుర్లో మీరొకరైనా సరే.

పొద్దున ఒకమ్మాయి చీటీ ఇచ్చింది: ‘నా తప్పు వల్ల ఒకరి నమ్మకం పోయింది, నేను చాలా చేశాను, అయినా తిరిగి రాలేదు, ఆయన వేరే టీమ్‌కి వెళ్ళిపోయారు. ఇది చెప్పొచ్చా?’ చెప్పొచ్చమ్మా. ఏం చేశావో చెప్పు, ఆయన వెళ్ళిపోయారనీ చెప్పు, తర్వాత వచ్చినవాళ్ళతో ఏం మార్చుకున్నావో చెప్పు. చివర్లో ఆయన తిరిగొచ్చి థ్యాంక్స్ చెప్పినట్టు మాత్రం కలపకు. ఇంకెవరైనా అడుగుతారా? మైక్ అటు ఇవ్వండి, ఆ మూల చెయ్యెత్తారు.