సగం రోజులో చెన్నై: మైలాపూర్, జార్జి కోట (ఫోన్-ఇన్)

యాంకర్: ఒంగోలు నుంచి కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. శుక్రవారం పొద్దున ఆరింటికి సెంట్రల్‌లో దిగుతాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నం రెండింటికి తిరుగు రైలు. ముందు కోట చూసేసి, తర్వాత మైలాపూర్ కపాలీశ్వరుడి గుడికి...

గైడ్: అక్కడే పొరపాటమ్మా. ముందు గుడి. మధ్యాహ్నం పన్నెండు దాటితే తలుపులు మూస్తారు, మళ్లీ నాలుక్కే. పైగా శుక్రవారం కోటలో మ్యూజియానికి సెలవు.

కాలర్: అయితే ఎగ్మూర్ మ్యూజియం?

గైడ్: దానికీ శుక్రవారమే సెలవు! సామాను సెంట్రల్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. బ్యాగులకి తాళం ఉండాలి, టికెట్ చూపించాలి. ఎదురుగా పార్క్ టౌన్‌లో లోకల్ రైలెక్కితే ఆరో స్టేషన్ తిరుమయిలై, గుడికి దగ్గరే. కానీ అది ఎత్తు మీద స్టేషన్, అమ్మగారికి మెట్లు కష్టం. ఆటోలో వెళ్లండి.

కాలర్: గుళ్లో ఎటు వెళ్లాలండీ?

గైడ్: తూర్పు గోపురంలోంచి వెళ్తే స్వామి ఎదురుగా కనపడడు. ఆయన పడమటి ముఖం, కోనేరు వైపు. చుట్టూ తిరిగి వెళ్లాలి. పొన్న చెట్టు కింద చిన్న గుడి వదలకండి, అమ్మవారు నెమలి రూపంలో లింగాన్ని పూజిస్తున్నట్టు చెక్కారు. పది దాటాక రాతి నేల కాలుతుంది, అమ్మగారికి సాక్సులు తీసుకెళ్లండి.

కాలర్: సరేనండీ. మరి కోట గుడి తర్వాత చూడొచ్చా?

గైడ్: శుక్రవారం అన్నారు కదమ్మా! కోట వదిలేయండి. గుడి నుంచి కిలోమీటరు దూరంలో శాంథోమ్ చర్చి, ఇప్పటి కట్టడం 1896 నాటిది. అక్కడ ఏసు శిష్యుడు సెయింట్ థామస్ సమాధి మందిరానికి దారి వేరు, మెట్లు దిగాలి. అమ్మగారిని పైనే కూర్చోబెట్టండి. పదకొండుకల్లా ట్రిప్లికేన్ పార్థసారథి గుడి. మూలవిరాట్టుకి మీసాలుంటాయి, చూడండి. తర్వాత రిప్పన్ బిల్డింగ్ బయటినుంచి చూస్తే చాలు, సెంట్రల్ పక్కనే.

యాంకర్: థాంక్సమ్మా. నెల్లూరు నుంచి...

కాలర్: ఆదివారం వస్తున్నామండీ. కోటలోకి పంపిస్తారా?

గైడ్: పంపిస్తారు. లోపల సచివాలయం, అసెంబ్లీ ఉన్నాయి కాబట్టి తనిఖీ గట్టిగానే ఉంటుంది. ఆధార్ ఒరిజినల్ ఉంచుకోండి, పెద్ద బ్యాగులొద్దు. మ్యూజియం తొమ్మిదికి తెరుస్తారు, అయినా ముందు గుడే. కోటలోనే ఉన్న 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చిలో పైకప్పు చూడండి, చెక్క లేకుండా కమానుగా కట్టారు, ఫిరంగి గుండ్లకి తట్టుకోవాలని. అది ఆదివారం ప్రార్థన అయ్యాక చూడండి. ఈ కోట నేల 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చింది అప్పటి స్థానిక పాలకుడు, మన దామెర్ల వెంకటాద్రి నాయకుడే.

కాలర్: పిల్లలు నిక్కర్లలో...

గైడ్: గుడికి వద్దు. పంచె, ప్యాంటు ఏదైనా సరే.

యాంకర్: సమయం తక్కువుంది. చివరి కాల్, కడప. హలో? హలో... లైన్ కట్టయింది.

గైడ్: కడప వాళ్లు వింటుంటే, మార్చి, ఏప్రిల్లో కపాలీశ్వరుడి పంగుణి ఉత్సవాలప్పుడు మైలాపూర్ మాడవీధుల్లోకి కార్లు రానివ్వరు. దూరంగా దిగి నడవాల్సిందే.