మంత్రి గారి లెక్కలో మన సుంకి ఘాటీ ఎక్కడ?

జయపురం నుంచి నమస్కారం. కొరాపుట్, సునాబెడ, పొట్టంగి, రాయగడ, ఒడిశా నుంచి ఆంధ్రాకు దిగే మన కొండదారి సుంకి ఘాటీ దాటితే సాలూరు... ఎక్కడున్నా ఈ వీడియో చూస్తున్న మనవాళ్లందరికీ.

2024 డిసెంబర్ 12న లోక్‌సభ ప్రశ్నోత్తరాల సమయంలో రోడ్డు ప్రమాదాల మీద సభ్యులు నిలదీశారు. రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ లేచి చెప్పిన జవాబు మీరు వినే ఉంటారు. అంతర్జాతీయ సమావేశాల్లో ప్రమాదాల ప్రస్తావన వస్తే ముఖం దాచుకోవాల్సి వస్తోందన్నారు. 2024 కల్లా ప్రమాదాలు సగానికి తగ్గిస్తామని లక్ష్యం పెట్టుకుంటే, తగ్గడం మాట అటుంచి ఇంకా పెరిగాయని ఒప్పుకున్నారు. తానూ కుటుంబంతో సహా ప్రమాదంలో పడి చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నానన్నారు. మంత్రి సీట్లో ఉన్నవాళ్ల నోట ఇలాంటి మాట రావడం తక్కువ. ఆ మేరకు మెచ్చుకుందాం.

అయితే ఆ జవాబులన్నీ దేశం లెక్కలు. 2022లో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. అంటే గంటకు 19 మంది. మన ఒడిశాలో ఏటా 5 వేలకు పైనే పోతున్నారు. సరే, ఇందులో మన ఘాటీ ఎక్కడుంది? నాకు కనబడలేదు. కనబడకపోవడానికి ఒక కారణం ఉంది. ఈ రోజు చెప్పాలనుకున్నది అదే.

జాతీయ రహదారి మీద ఫలానా చోటు ప్రమాదకరం అని ప్రభుత్వం గుర్తించాలంటే దానికో కొలత ఉంది. దాదాపు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో కలిపి, ప్రాణం పోయినవో తీవ్రంగా గాయపడ్డవో 5 ప్రమాదాలు జరగాలి. లేదంటే 10 మంది చనిపోవాలి. అప్పుడే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అప్పుడే ఫైలు కదులుతుంది. మైదానంలో ఒక జంక్షన్‌కో, ఒక కల్వర్టుకో ఈ కొలత బాగానే సరిపోతుంది. ఘాటీలో ఏమవుతుంది? ఈ నెల ఈ మలుపులో లారీ లోయలో పడుతుంది, డ్రైవరు ఒక్కడే పోతాడు. వచ్చే పండక్కి రెండు మలుపుల అవతల బైకు మీద ఇద్దరు. ఆపై ఏడాది ఇంకా కింద జీపు. ఏ ముక్కకు ఆ ముక్క చూస్తే అంకె నిండదు. ఘాటీ మొత్తం కలిపి చూస్తే గుండె జారుతుంది. కానీ మొత్తం కలిపి చూడమని ఆ కొలత చెప్పదు.

మన ఘాటీ దారి ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. మనవాళ్లు చాలామంది ఇంకా పాత నంబరే, ఫార్టీ త్రీ అనే అంటారు. రాయపూర్ వైపు నుంచి లోడుతో వచ్చే లారీలు చాలా ఇక్కడే దిగుతాయి. వాటిలో సాలూరు బండ్లు బోలెడు. పాత డ్రైవర్లు క్లీనర్లకు మొదట నేర్పే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేశాడనుకోండి, ఇంజిన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకు లైనర్లు కాలిన వాసన మన బైకు దాకా కొడుతుంది. ఆ వాసన వస్తే ఓవర్‌టేక్ చేయకండి, ఎదురొస్తుంటే ఎడమకు తప్పుకోండి.

ఇంకొకటి, మీ అందరికీ తెలిసిందే. బండి పాడైతే టైరు కింద పెద్ద రాయి పెడతారు, వెనకాల రోడ్డు మీద నాలుగు కొమ్మలు విరిచి పడేస్తారు. రిపేరయ్యాక బండి వెళ్లిపోతుంది. రాళ్లు అక్కడే ఉంటాయి, కొమ్మలు ఎండి చెత్తలో కలిసిపోతాయి. పొట్టంగి వైపు చలికాలం మంచులో, తెల్లవారుజామున, హెడ్‌లైటు వెలుగు పది గజాలు దాటని చోట బైకువాడికి ఆ రాయి ఎలా కనిపిస్తుంది? రోడ్డు మీద ఆపిన లారీలు ప్రమాదాలకు పెద్ద కారణమని గడ్కరీ గారు కూడా సభలో అన్నారు. మరి ఘాటీలో ఆపుకోవడానికి పక్కన జాగా ఎవరివ్వాలి? బ్రేకులు చల్లార్చుకునే చోటు, బ్రేకులు పోయిన బండి ఎక్కి ఆగేలా గులక పోసిన ఎత్తు దారి, ఇవి డ్రైవరు జేబులోంచి తీసి కట్టేవి కావు కదా! తప్పుడు డీపీఆర్‌లు (రోడ్డు కట్టే ముందు రాసే ప్రాజెక్టు నివేదికలు), ఇంజినీర్ల డిజైన్లే ప్రమాదాలకు కారణమని 2025 మార్చిలో ఆయనే ఢిల్లీలో ఒక సదస్సులో విరుచుకుపడ్డారు. ఆ కోపం ఒక్కసారి మన కొండ మీద చూపిస్తే బాగుండు.

దెబ్బ తగిలితే ఏం చేయాలో త్వరగా చెప్తాను. జాతీయ రహదారి మీదైతే 1033, ఎక్కడైనా 108. 2025 మేలో వచ్చిన పథకం ప్రకారం ప్రమాదంలో గాయపడ్డవాళ్లకు ఒక్కొక్కరికి లక్షన్నర దాకా, ఏడు రోజుల పాటు, డబ్బు కట్టకుండా చికిత్స చేయాలి. జాతీయ రహదారే కానక్కర్లేదు, ఏ రోడ్డైనా సరే. కొరాపుట్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లాలా, విశాఖకు పరుగెత్తాలా అని దారిలో తర్జనభర్జన పడకండి. ముందు దగ్గరి ఆసుపత్రి. గాయపడ్డవాణ్ణి చేర్చినందుకు మిమ్మల్ని కేసులో ఇరికించకూడదని మోటారు వాహనాల చట్టంలోనే 2019లో రాశారు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు కూడా.

ఇక మన ఘాటీ గురించి లోక్‌సభలో ప్రశ్న అడిగించే సంగతి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకే మంత్రి నోటితో జవాబు. మిగతా 230కి కాగితం మీద. కాగితం జవాబు చాలు మనకు, అడగడం తెలిస్తే. "ఒడిశాలో ప్రమాదాలెన్ని" అని అడిగితే మళ్లీ రాష్ట్రం మొత్తం అంకే వస్తుంది. మన కొరాపుట్ ఎంపీ గారి ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఇలా రాసివ్వండి: 26వ జాతీయ రహదారిలో సుంకి నుంచి కొరాపుట్ దాకా, కిలోమీటరు రాయి వారీగా, గత మూడేళ్లలో మరణాలెన్ని, తీవ్ర గాయాలెన్ని? ఘాటీ మొత్తాన్ని ఒకే ప్రమాదకర ప్రాంతంగా లెక్కించే ఆలోచన ఉందా, లేకపోతే ఎందుకు లేదు? లారీలు ఆపే జాగాలు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని కట్టారు? నోటీసు 15 రోజుల ముందు ఇవ్వాలి కాబట్టి సమావేశాల తేదీలు రాగానే వెళ్లండి.