లిమిటెడ్ ఎడిషన్ కారు కొంటే రేటు నిలుస్తదా? ఆక్టేవియా ఆర్ఎస్ 245 పక్కన నిలబడి చెప్తున్న

అన్నలూ తమ్ముళ్లూ అందరికీ నమస్తే. నల్గొండ దగ్గరి పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఉన్న, గాలి మస్తు కొడ్తున్నది, మైక్‌ల ఆ సౌండ్ వస్తే ఏమనుకోకుండ్రి. నా ఎనక ఉన్న బండిని చూడుండ్రి, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245. 2020ల ఇండియా మొత్తానికి 200 బండ్లే ఇచ్చిన్రు, ఎక్స్‌షోరూమ్ 35 లక్షల 99 వేలు. ఇది మిర్యాలగూడల రైస్ మిల్లున్న మా అన్నది. "తమ్మీ, లిమిటెడ్ ఎడిషన్ గదా, దీని రేటు పడదు గదా, ఉంచాల్నా అమ్మాల్నా" అని అడిగిండు. కామెంట్లల్ల గూడ చానామంది ఇదే అడుగుతున్నరు, అందుకే ఇయ్యాల నడపుడు ముచ్చట కొంచెమే, పైసల ముచ్చట ఎక్కువ.

నడపుడు గురించి ఒక్క మాట చెప్త. 2 లీటర్ టర్బో పెట్రోల్, 245 హార్స్‌పవర్, పొద్దుగాల అద్దంకి రోడ్డు మీద లారీని దాటేటప్పుడు కాలు అట్ల ఆనిస్తే చాలు, ఎనకకెళ్లి ఎవరో నూకినట్టే పోతది. డిక్కీల బియ్యం బస్తాలేసుకొని ఇంటిల్లిపాది కూసొని పోవచ్చు, నాకు ఇదంటే పానం.

ఇగ రేటు. తక్కువ బండ్లు చేసిన్రు కాబట్టి రేటు నిలుస్తదనుకుంటే మోసపోతం. పోలో జీటీఐ యాదికి తెచ్చుకోండ్రి, 2016ల ఫోక్స్‌వ్యాగన్ 99 బండ్లే అని చెప్పింది, ధర 25 లక్షల 99 వేలు. 99 అంటే దీనిల సగం గూడ లేవు. అయినా అవి అమ్ముడుపోక మరుసటేడు 19 లక్షల 99 వేలకు తగ్గించిన్రు, మొదలు కొన్నోళ్లకు బండి ఇంట్ల ఉండంగనే ఆరు లక్షలు పోయినయ్. ఇంజన్ బంగారమే, 1.8 లీటర్, 192 హార్స్‌పవర్, కానీ రెండు డోర్ల పోలోకు 26 లక్షలు పెట్టేటోళ్లు 99 మంది గూడ దొరకలే, ఇగ తక్కువుండి ఏం లాభం?

పెద్ద బండ్లల్ల గూడ ఇదే కథ. పోర్షా 2016ల 911 ఆర్ అని 991 బండ్లు చేసింది, 4 లీటర్ ఇంజన్, 500 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. అమెరికాల దాని ధర లక్షా 85 వేల డాలర్ల దగ్గర ఉంటే చేతులు మారంగ మారంగ ఐదు లక్షల డాలర్లు దాటింది. ఎందుకంటే పోర్షాదే ఇంకో స్పీడు మోడల్, అప్పటి 911 జీటీ3ల మాన్యువల్ దొరకకపోయేది, గంతే. ఏడాది తిరగంగనే 2017ల కొత్త జీటీ3కి అదే మాన్యువల్ ఇచ్చిన్రు, 911 ఆర్ రేటు కిందికి దిగింది. ఉన్నయి ఆ 991 బండ్లే, ఒక్కటి గూడ పెరగలే, కానీ అది ఇచ్చే మజా ఇంకో బండిల దొరకవట్టింది.

ఇప్పుడు మన ఊర్లకు రండ్రి. యమహా ఆర్ఎక్స్ 100 బైక్ ఏనాడన్న లిమిటెడ్ ఎడిషనా? 1985 సంది 1996 దాక గల్లీకొకటి ఉండె. అయినా ఇయ్యాల మంచి కండిషన్ల ఉన్నది కొందామంటే లక్ష దాటి చెప్తున్నరు. పొగ రూల్స్ గట్టిగైనంక మన దగ్గర అసొంటి టూ స్ట్రోక్ బండ్లు మెల్లమెల్లగ బంద్ అయినయ్, ఆ సౌండ్ ఇంకో దాంట్ల రాదు, అందుకే రేటు నిలిచింది. లెక్సస్ ఎల్ఎఫ్ఏ గూడ అట్లనే. 500 బండ్లు, 3 లక్షల 75 వేల డాలర్లు, 2012ల తయారీ బంద్ చేసిన్రు, అటెన్క ఏండ్లకేండ్లు కొన్ని కొత్తవి అమెరికా షోరూముల్లనే ఉండిపోయినయ్. ఆ వీ10 ఇంజన్ మల్ల రాదని జనానికి అర్థమైనంకనే రేటు లేచింది. మరి అన్ని ఏండ్లు ఆగే ఓపిక మనకున్నదా?

మా అన్న బండికి వస్తే, ఐదేండ్లు స్కోడా మల్ల ఆర్ఎస్ తేలే. 2025 అక్టోబర్ల తెచ్చింది, 100 బండ్లే, 49 లక్షల 99 వేలు, 265 హార్స్‌పవర్, లాంచ్ కాకముందే అన్నీ బుక్ అయినయ్. పోర్షాల లెక్క కొత్తది వచ్చి పాతదాన్ని కొట్టాలె గదా అంటరేమో, కానీ 50 లక్షలు పెడ్తనన్నా దొరకనోడు ఇగ పాత 245 కోసమే దేవులాడ్తడు. కాబట్టి మామూలు ఆక్టేవియా కన్నా దీని రేటు మంచిగ నిలుస్తదని నా నమ్మకం. కానీ ఒకటి, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఇది రోడ్డెక్కెటప్పటికే 40 లక్షలు దాటింది, ఆ ట్యాక్స్ పైసలు కొనేటోడు మనకియ్యడు. లాభం లెక్క ఎక్స్‌షోరూమ్ మీద కాదు, ఆన్‌రోడ్ మీద చూసుకోవాలె.

ఇంకోటి ఎవ్వరు చెప్పరు, ఐడీవీ, అంటే ఇన్సూరెన్సోళ్లు మన బండికి కట్టే విలువ. 200లల్ల ఒకటా రెండు లక్షలల్ల ఒకటా అనేది ఇన్సూరెన్స్ లెక్కల ఉండదు, నాలుగేండ్లు దాటితే విలువ సగమే రాస్తరు. ఐదు దాటినంక ఆ విలువ మనం కంపెనీతోని మాట్లాడుకునేది, అప్పుడు ప్రీమియం నాలుగు పైసలు తగ్గుతదని ఐడీవీ తగ్గించుకోకుండ్రి, బండి పోయిన్నాడు చేతికొచ్చేది అదే.

అన్నకైతే ఉంచుకో అని చెప్పిన, సర్వీస్ బిల్లులన్నీ ఒక్క ఫైల్‌ల పెట్టు, ఒరిజినల్ అలాయ్‌లు మార్చకు, వారానికొకసారన్న బయటికి తియ్యి అన్న. మా బాపు 2009ల మా ఆర్ఎక్స్‌ను 12 వేలకు ఇచ్చేసిండు, నేను ఆ రోజు గేటు పట్టుకొని ఏడ్చిన. నల్ల ట్యాంకు, ఎడమ దిక్కు చిన్న సొట్ట, ఏపీ 24 నంబరు, దేవరకొండ దిక్కు పోయిందని విన్న. మీల ఎవరికన్న కనపడితే కింద రాయుండ్రి, రేటు ఎంతన్నా మాట్లాడుకుందాం.