ఫోన్-ఇన్: కొత్త కారుకు ఏ రంగు తీసుకోవాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కొత్త కారు కొనేవారు ఇంజను గురించి, మైలేజీ గురించి నెలల తరబడి ఆరా తీసి, రంగు దగ్గరికి వచ్చేసరికి షోరూమ్‌లో పది నిమిషాల్లో తేల్చేస్తుంటారు. ఆ రంగుతోనే పదేళ్ళు గడపవలసి ఉంటుంది కనుక ఈ రోజు కార్యక్రమాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించాము. విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్ళుగా కార్లకు పెయింటింగ్ చేస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. నమస్కారమండీ.

మాస్టారు: నమస్కారమండీ. ఫోన్ చేసేవారు తమకు ఏ రంగు ఇష్టమో చెప్పేముందు, ఆ కారు పగలంతా ఎక్కడ నిలబడుతుందో చెబితే నా పని సులువవుతుంది.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత నరసరావుపేట నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను ఉపాధ్యాయురాలిని. రెంటచింతల దగ్గర పల్లెలో మా బడి. అక్కడ షెడ్డు లేదు, చెట్టు లేదు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా కారు ఎండలోనే ఉంటుంది. మావారు నలుపు తీసుకుందామంటున్నారు. నాకు తెలుపు మీద మనసుంది. తెలుపు తీసుకుంటే ట్యాక్సీలా ఉంటుందని మా అమ్మాయి గొడవ.

మాస్టారు: అమ్మా, రెంటచింతల ఎండ అంటే మన రాష్ట్రంలో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు ఒకే రకానికి చెందిన రెండు కార్లను, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, పక్కపక్కనే ఎండలో నిలిపి కొలిచి, ఆ ఫలితాలను 2011లో ప్రకటించారు. నల్ల కారు పైకప్పు వెండి రంగు కారు పైకప్పు కంటే 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది, లోపలి గాలిలో 5 నుంచి 6 డిగ్రీల తేడా కనిపించింది. అయితే రంగు ఒక్కటే అన్నీ చేస్తుందని నేను చెప్పను. అద్దాలలోంచి దిగే ఎండ డాష్‌బోర్డును, సీట్లను కాల్చే పని ఏ రంగు కారులోనైనా చేస్తుంది కాబట్టి, తెల్ల కారు కొన్నా ముందు అద్దానికి లోపలి వైపు ఎండతెర పెట్టవలసిందే. మీ కారు రోజుకు ఏడున్నర గంటలు ఎండలో ఉంటుంది గనుక, నలుపు మీకు వద్దని గట్టిగా చెబుతాను.

శ్రోత: తెలుపు మీద నల్లని పైకప్పు ఉన్నది కూడా చూపించారండీ. అది మా అమ్మాయికి బాగా నచ్చింది.

మాస్టారు: చూడడానికి అందంగానే ఉంటుందమ్మా, నేనూ కాదనను. కాని మిట్టమధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా పడేది పైకప్పు మీదే. పక్కలు తెల్లగా ఉంచి, ఎండను నెత్తిన మోసే చోట నలుపు వేసుకుంటే మీ బడికి మటుకు తెలుపు కొన్న ప్రయోజనం చాలావరకు పోతుంది. ఇక ట్యాక్సీ సంగతంటారా, ట్యాక్సీని జనం గుర్తుపట్టేది పసుపు నంబరు ప్లేటుతో. మీ ప్లేటు తెల్లగానే ఉంటుంది. అమ్మాయికి అయినా నచ్చకపోతే, వెండి రంగునో, ముత్యపు మెరుపున్న తెలుపునో ఆమెకే ఎంచుకోనివ్వండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక శ్రోత ఎదురు చూస్తున్నారు.

శ్రోత: నమస్తే మాస్టారూ. నాకు ఎరుపు కావాలి. ఎరుపు వెలిసిపోతుందని అందరూ భయపెడుతున్నారు. మా ఇంటి ముందు వేపచెట్టు ఉంది, కారు దాని కిందే పెడతాను. కడగడానికి బోరు నీళ్ళే దిక్కు.

మాస్టారు: వెలిసిపోతుందన్న మాట నిరాధారం కాదు బాబూ. పాత కార్లలో ఎరుపు రంగు ఎండకు పాలిపోయి, చేత్తో తుడిస్తే పొడిలా అంటుకునేది. ఇప్పటి కార్లకు ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు వేస్తున్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలను ఆ క్లియర్ కోటులోనే కలుపుతారు కనుక, నేటి ఎరుపు మునుపటిలా తొందరగా చెడదు. మీకు నచ్చితే నిస్సంకోచంగా తీసుకోండి. కాని నాలుగు పొరలూ కలిసి మనిషి వెంట్రుకలు ఒకటి రెండింటి మందమే ఉంటాయి, అందులో క్లియర్ కోటు మూడో వంతు. దాన్ని కాపాడుకోవడం మీ చేతిలో ఉంది.

శ్రోత: నీడ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నానండీ.

మాస్టారు: వేపచెట్టు నీడ మంచిదే, దాని మీద వాలే పక్షులతోనే చిక్కు. పక్షి రెట్ట ఎండలో వేడెక్కిన బానెట్ మీద ఒక్క మధ్యాహ్నం ఆరిపోయిందంటే, కడిగాక కూడా అక్కడ గోరుతో గుచ్చినట్టు మచ్చ మిగులుతుంది. కనిపించిన వెంటనే తడిగుడ్డ కాసేపు దాని మీద పరచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. పొడిగుడ్డతో రుద్దవద్దు, దుమ్ములోని ఇసుక రేణువులు గుండ్రటి సన్నగీతలు పెడతాయి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, చుక్కలు వాటంతటవే ఆరితే తెల్లటి వలయాలు మిగులుతాయి. ముదురు ఎరుపు మీద అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి, ఎండ తగ్గాక కడిగి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తేమ తీసేయండి. వారానికి అరగంట దానికి ఇవ్వగలిగితే ఎరుపు, ఇవ్వలేకపోతే వెండి రంగు.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి ఒక గృహిణి.

శ్రోత: నమస్కారమండీ. మామూలు తెలుపు కంటే పెర్ల్ తెలుపుకు అదనంగా డబ్బు అడుగుతున్నారు. ఆ తేడా దేనికి? మాది ఇరుకు సందు, గీతలు పడక తప్పదు.

మాస్టారు: మీరు చివర చెప్పిన మాటే అసలు విషయమమ్మా. మామూలు తెలుపులో రంగు పొడి మాత్రమే ఉంటుంది. మెటాలిక్‌లో సన్నని అల్యూమినియం పలుకులు, పెర్ల్‌లో పైపూత వేసిన అభ్రకపు పలుకులు కలుపుతారు. చాలా పెర్ల్ తెలుపులకు అడుగున తెలుపు వేసి, దాని మీద పెర్ల్ పొర వేసి, ఆపైన క్లియర్ కోటు వేయాలి. మెరుపంతా ఆ పలుకులు ఏ కోణంలో పడుకున్నాయన్న దాన్ని బట్టి వస్తుంది. స్ప్రే గన్నులో గాలి ఒత్తిడి కొంచెం మారినా, చేయి కొంచెం దూరం జరిగినా, అదే కోడు రంగు వేరుగా కనిపిస్తుంది.

నా తొలి రోజుల్లో ఒక వెండి రంగు కారు బంపరు వేశాను. రాత్రి ట్యూబులైటు కింద పక్కన పెట్టి చూస్తే ఇసుమంతైనా తేడా లేదు. తెల్లవారి షెడ్డు బయటకు తీసి ఎండలో నిలబెట్టేసరికి, ఎదురుగా చూస్తే సరిపోతోంది, పక్కకు జరిగి చూస్తే బంపరు ఒక ఛాయ ముదురుగా ఉంది. ఆ యజమాని నన్ను ఒక్క మాటా అనలేదు, కాని ఆయన బంపరు మీద అరచేయి పెట్టి కాసేపు అలాగే నిలబడడం నాకిప్పటికీ గుర్తుంది. మొత్తం గీకి, మళ్ళీ వేశాను. ఆనాటి నుంచి పగటి వెలుగులో చూడకుండా ఏ కారునూ అప్పగించలేదు.

అందుకే పెర్ల్ కారు తలుపు మీద ఒక గీత పడితే, ఆ తలుపుతో ఆపకుండా పక్క భాగం మీదికి కూడా రంగును పలచగా కలుపుకుంటూ పోవలసి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది. ఇరుకు సందుకు మామూలు తెలుపే మేలు. సముద్రపు గాలికి భయపడి రంగు మార్చనక్కరలేదు, తుప్పుకు రంగుతో పని లేదు. గీత రేకు దాకా దిగితే మాత్రం విశాఖలో నాలుగు రోజులు కూడా ఉంచకుండా టచప్ వేయించండి.

వ్యాఖ్యాత: సిద్దిపేట నుంచి ఒక యువకుడు. క్లుప్తంగా అడగండి.

శ్రోత: ఇప్పుడు తెలుపు తీసుకుని, తరువాత మిలిటరీ జీపు రంగు వేయించుకోవచ్చా అండీ?

మాస్టారు: వద్దు బాబూ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆ ఆలివ్ ఆకుపచ్చ రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. వేరే ఏ రంగు మార్చినా, ఆర్సీలో రంగు నమోదై ఉంటుంది కాబట్టి ముందుగా ఆర్టీవో కార్యాలయంలో అనుమతి తీసుకుని, ఆర్సీలో మార్పు చేయించుకోవాలి.

వ్యాఖ్యాత: చివరి శ్రోత ఖమ్మం నుంచి.

శ్రోత: నమస్కారమండీ. నేను తెల్లవారుజామున బయలుదేరి పల్లెల మీదుగా వెళ్తాను, చీకటి పడ్డాక తిరిగి వస్తాను. ముదురు బూడిద రంగుకు బుకింగ్ చేశాను. ఇప్పుడు అది ఆలస్యమవుతుంది, తెలుపు సిద్ధంగా ఉందంటున్నారు. నాకేమో ఇచ్చిన మాట తప్పారన్న కోపం.

మాస్టారు: కోపం న్యాయమైనదేనండీ. కాని మీరు తిరిగే వేళలు వింటే ఆ తెలుపు మీకు మేలు చేసేలా ఉంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు ప్రమాదాల లెక్కలు పరిశీలించి, పగటిపూట తెల్ల కార్లతో పోలిస్తే నల్ల కార్లకు ప్రమాద అవకాశం సుమారు 12 శాతం ఎక్కువని తేల్చారు. బూడిద, వెండి రంగులకు కూడా తెలుపు కంటే ఎక్కువే కనిపించింది. తారు రోడ్డు మీద, మసక వెలుతురులో బూడిద రంగు కారు రోడ్డులో కలిసిపోతుంది. ఎడ్లబండి తోలేవారికి, రోడ్డు దాటే పెద్దవారికి మీరు దూరం నుంచి కనిపించాలి. ఏ రంగు తీసుకున్నా ఆ వేళల్లో హెడ్‌లైట్లు వేసే ఉంచండి.

శ్రోత: అయితే తెలుపుకు ఒప్పుకోమంటారా?

మాస్టారు: ఒప్పుకోండి, కాని షోరూమ్ లైట్ల కింద ఒప్పుకోవద్దు. అదే కారును బయటకు తీయించి, పగటి వెలుగులో చుట్టూ ఒకసారి తిరగండి. రవాణాలో గీతలు పడి మళ్ళీ పెయింటు వేసిన భాగం ఉంటే, పక్క నుంచి వంగి చూసినప్పుడు మెరుపులో తేడా, అంచుల రబ్బరు మీద రంగు తుంపర కనిపిస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే, పాత బుకింగ్ కాగితంలో బూడిద కొట్టేయించి, కొత్త రంగు పేరు కంపెనీ రాసే విధంగానే రాయించి, సంతకం తీసుకోండి. తరువాత ఇన్‌వాయిస్‌లోనూ, ఆర్సీలోనూ అదే పేరు ఉందో లేదో సరిచూసుకోండి.

శ్రోత: రేపు ఆదివారం. ఉదయం పదింటికి షోరూమ్ తెరవగానే మా నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్తానండీ.

మాస్టారు: మంచిది. ఆయన కళ్ళద్దాలు మరచిపోకుండా తీసుకురమ్మనండి, రబ్బరు అంచులు ఆయన చూస్తారు, మీరు బానెట్ చూడండి.