మిర్చి యార్డు గోనెతో స్కైరిమ్ మూటకు కొత్త టెక్స్చర్

నమస్కారం. తెర మీద ఎడమవైపు కనిపిస్తున్నది స్కైరిమ్ ఆటలోని మామూలు మూట. దూరం నుంచి పర్వాలేదు. దగ్గరికి వెళ్ళి చూడండి: నేత లేదు, దారం లేదు, మట్టిముద్దకు మూతి బిగించి కట్టినట్టుంది. కుడివైపున్నది మనం ఈరోజు తయారు చేయబోయేది. దాని గోనె గుంటూరు మిర్చి యార్డుది.

పాత టెక్స్చర్‌ను, అంటే మూట ఆకారం మీద చుట్టే బొమ్మను, ఏఐ అప్‌స్కేలర్‌లో (బొమ్మల సైజు పెంచే సాధనంలో) వేసి నాలుగింతలు చేస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. సరిపోదు. మూలంలో లేని దారాన్ని అది ఊహించి గీయాల్సిందే. గోనె విషయంలో ఆ ఊహ చాలాసార్లు నున్నగా, ప్లాస్టిక్ మెరుపుతో తేలుతుంది. అసలు సరుకు మన ఊళ్ళో గుట్టలుగా పడి ఉండగా ఊహలెందుకు?

మనం పనిచేసేది 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ మీద. ఆట ఫైళ్ళన్నీ బీఎస్‌ఏ అనే కట్టల్లో ఉంటాయి. ముందుగా బీఎస్‌ఏ బ్రౌజర్‌తో వాటిలోంచి మూట టెక్స్చర్‌ను, మోడల్‌ను (మూట త్రీడీ ఆకారాన్ని) బయటకు తీయండి. మోడల్‌ను నిఫ్‌స్కోప్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి యూవీ చూడండి, అంటే బొమ్మలో ఏ భాగం ఆకారం మీద ఎక్కడ పడుతుందో చెప్పే పటం. మూతి ఎక్కడ పడుతోంది, కుట్టు ఎక్కడ, అడుగు భాగం ఎక్కడ అన్నది కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మూట ఎత్తు ఎన్ని యూనిట్లో కూడా రాసుకోండి. ఈ ఆటలో 128 యూనిట్లంటే ఆరడుగులు, అంటే యూనిట్‌కు దాదాపు 1.43 సెంటీమీటర్లు. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది.

ఇక ఫొటో. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు నిండా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా వెళ్ళకండి, ఆ ఘాటుకు దగ్గుతూ ఉంటే ఫోను చేతిలో నిలవదు. కొట్టువాళ్ళను అడిగి, హమాలీల దారికి అడ్డం లేకుండా ఒక పక్కన పని చేసుకోండి. నిండు టిక్కీని తీయవద్దు, దాని పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది. ఖాళీ గోనె ఒకటి అడిగి తీసుకుని, బల్లమీద ముడతలు లేకుండా పరవండి. షెడ్డు నీడలో, ఫ్లాష్ ఆపేసి, సరిగ్గా పైనుంచి తీయండి. ఫోను మరీ దగ్గరగా పెడితే అంచులు వంగుతాయి కాబట్టి కాస్త దూరంగా నిలబడి రెండింతలు జూమ్ చేయండి. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో.

ఎండలో ఎందుకు వద్దంటున్నానంటే, ఎండ పడితే ప్రతి దారానికీ ఒక పక్క చిన్న నీడ అంటుకుంటుంది. ఆటలో దీపం ఎటు మారినా ఆ నీడ మాత్రం మొదట పడిన పక్కనే ఉండిపోతుంది. వెలుగును ఆట వేసుకుంటుంది. మనం ఇవ్వాల్సింది రంగు మాత్రమే.

ఇప్పుడు బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ గింప్‌లోకి వద్దాం. మొదట పర్‌స్పెక్టివ్ పరికరంతో పడుగు నిలువుగా, పేక అడ్డంగా వచ్చేలా సరిచేయండి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏదీ కుదరదు. వెలుగు హెచ్చుతగ్గులు మిగిలితే లేయర్‌కు నకలు తీసి, రంగు తీసేసి, బాగా మసకబరచి, తిరగేసి, సాఫ్ట్ లైట్ మోడ్‌లో పైన పెట్టండి. మచ్చలు చదునవుతాయి.

దగ్గరగా చూపిస్తాను. పేక దారాల సందుల్లో ఎర్రగా కనిపిస్తోంది చూశారా? అది కారం పొడి. మంచు కొండల మధ్య ఉండే ఊరి మూటకు గుంటూరు కారం అంటించడం నాకు సరదాగానే ఉంది కానీ, ఆటలో అది నెత్తురు మరకలా కనిపిస్తుంది. హ్యూ-శాచురేషన్‌లో ఎరుపును మాత్రమే ఎంచుకుని తగ్గించండి.

అతుకు లేకుండా చేయడానికి ఆఫ్‌సెట్ ఆదేశంతో బొమ్మను సగం పక్కకు, సగం కిందికి జరపండి. అంచులు మధ్యలోకి వచ్చి ప్లస్ గుర్తులా కనిపిస్తాయి. క్లోన్ పరికరంతో ఒక్కో దారాన్ని దాని దారానికే కలపండి. 'టైల్ సీమ్‌లెస్' ఫిల్టర్ మీట నొక్కితే పని అయిపోయినట్టే ఉంటుంది కానీ రెండు నేతలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి.

తర్వాత స్కేలు ఫొటో, యూనిట్ల లెక్క పక్కపక్కన పెట్టుకుని, నేత ఎంత సన్నగా ఉండాలో చూసుకోండి. నా అభిప్రాయంలో అసలు కొలత కంటే కొంచెం ముతకగా ఉంచితేనే బాగుంటుంది. మరీ సన్న దారాలు దూరం నుంచి మినుకుమినుకుమంటాయి. పాత టెక్స్చర్‌ను కింది లేయర్‌గా పెట్టుకుని, మూతి దగ్గర నేత ముడి వైపు వంగేలా వార్ప్ చేయండి.

ఇక నార్మల్ మ్యాప్, అంటే ఎక్కడ గట్టు, ఎక్కడ గుంట అని ఆటకు చెప్పే రెండో బొమ్మ. దీని దగ్గరే ఎక్కువమంది చెడగొడతారు. దీన్ని తయారుచేసే గింప్ ఫిల్టర్ ముదురు రంగును గుంటగా, లేత రంగును గట్టుగా చదువుతుంది. మన గోనె మీద వ్యాపారి గుర్తు నల్ల సిరాతో ముద్రించి ఉంది. దాన్ని అలాగే పంపితే ఆ అక్షరాలు ఉలితో చెక్కినట్టు లోపలికి దిగిపోతాయి. అందుకని నార్మల్ కోసం వేరే నకలు చేసి, అందులో సిరా, మరకలు అన్నీ తుడిచేయండి. ఫిల్టర్లలో జెనరిక్ కింద నార్మల్ మ్యాప్ ఉంటుంది. నార్మల్ మ్యాప్‌లో పైకీ కిందికీ వాలును పచ్చ ఛానెల్ చెబుతుంది. ఈ ఆట అందులో డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి వాడుతుంది కాబట్టి, మీ దారాలు ఉబ్బెత్తుగా కాకుండా లోతుగా కనిపిస్తే పచ్చ ఛానెల్‌ను తిరగేయండి.

నార్మల్ మ్యాప్ ఫైల్‌లో ఎరుపు, పచ్చ, నీలం కాక ఆల్ఫా అనే నాలుగో ఛానెల్ ఉంటుంది. ఎక్కడ ఎంత మెరవాలో అందులో ఉంటుంది. దాన్ని తెల్లగా వదిలేస్తే గోనె తడిసిన తారులా మెరుస్తుంది. ముదురు బూడిద రంగు నింపండి, దారాల కొసల దగ్గర ఒక పిసరు లేతగా.

సైజు 2048 పిక్సెళ్ళు చాలు. బీసీ7 అనే కుదింపు పద్ధతిలో 4096 టెక్స్చర్ ఒక్కటి 16 ఎంబీ, మిప్‌మ్యాప్‌లతో (దూరం నుంచి చూసేటప్పుడు ఆట వాడే చిన్న నకళ్ళతో) 21 దాటుతుంది. నార్మల్‌తో కలిపితే 42 పైమాటే, మూలన పడి ఉండే మూట కోసం! 2048 అయితే రెండూ కలిపి 11 లోపే. గింప్ నుంచి పీఎన్‌జీగా తీసి, మైక్రోసాఫ్ట్ వారి టెక్స్‌కాన్వ్ అనే సాధనంతో బీసీ7 డీడీఎస్‌గా (ఆట చదివే టెక్స్చర్ ఫైలుగా) మార్చండి. మిప్‌మ్యాప్‌లు తప్పనిసరి. 2011 నాటి పాత ఎడిషన్ డైరెక్ట్‌ఎక్స్ 9 మీద నడుస్తుంది, దానికి బీసీ7 తెలియదు, బీసీ3 అనే పాత కుదింపు ఇవ్వండి.

ఫైళ్ళకు పాత పేర్లే పెట్టి, పాత ఫోల్డర్ల వరుసే ఉంచి, ఆటకు మార్పులు చేర్చే మాడ్ ఆర్గనైజర్ ప్రోగ్రామ్‌లో చేర్చండి. విడి ఫైలు కనిపిస్తే ఆట బీఎస్‌ఏలోనిది వదిలేసి దీన్నే తీసుకుంటుంది. ఆటలో ఆదేశాలు టైపు చేసే కన్సోల్‌లో 'సెట్ గేమ్‌అవర్ టు 12' (set gamehour to 12) అని కొట్టి మధ్యాహ్నం వెలుగులో చూడండి. తర్వాత 22 అని కొట్టి కాగడా పట్టుకుని మూట చుట్టూ తిరగండి. వెలుగు మీతో పాటు దారాల మీద కదలాలి. కదలకపోతే నార్మల్ ఫైలు పేరు చివర '_ఎన్' (_n) ఉందో లేదో చూడండి, సాధారణంగా తప్పు అక్కడే ఉంటుంది.